స్తంభం మీద తమ్ముడు

గడ్డపార దెబ్బకు అస్గర్ ఇంటి ముందున్న జనరేటర్ పగిలి ఆగిపోయింది. అడ్డం వచ్చిన అస్గర్ తల నుంచి రక్తం కారుతోంది.

"నా తమ్మున్ని చంపినవ్ గదరా!" రాయమల్లు అరిచాడు.

గల్లీ స్తంభం మీద లైన్‌మన్ ఓదెలు నడుముకు కట్టుకున్న బెల్టుకు వేలాడుతున్నాడు. ఫ్యూజులు తీసే ఎక్కాడు. అయినా తీగ ముట్టగానే షాక్ కొట్టింది. ఎవరింటి జనరేటర్ కరెంటో లైనులోకి ఎక్కిందన్నారు జనం. ఆ మాట వినగానే, ఎదురుగా నడుస్తున్న అస్గర్ జనరేటర్ చూసి రాయమల్లు గడ్డపార అందుకున్నాడు.

ఇప్పుడు దాన్ని పారేసి స్తంభం ఎక్కబోయాడు. అస్గర్ పాకుతూ వచ్చి అతని కాలు పట్టుకున్నాడు.

"ఎక్కకన్నా! తీగల కరెంటు ఇంకా ఉంది."

"నీ మిషిన్ పలగ్గొట్టిన గదరా! ఇంకెక్కడి కరెంటు?" అంటూ రాయమల్లు అతని ఛాతీ మీద తన్నాడు.

అస్గర్ కాలు వదల్లేదు. "నా ఇంట్ల స్విచ్ ఉన్నదన్నా. మిషిన్ నడిస్తే నా ఇంటికి బయటి లైన్‌తోని సంబంధం తెగిపోతది, కరెంటు బయటికి పోదు. జర ఇను."

జనం అరుపులు ఆపారు. రాయమల్లు ఇంటి వెనక నుంచి డుగడుగమని మోత వినిపించింది. నైట్ షిఫ్టు దిగొచ్చి, పగలు కూలర్ గాలికి పడుకోవడానికి అతను నిన్ననే కొన్న జనరేటర్ అది.

"నీ ఇంట్ల గూడ స్విచ్ పెట్టేదాక నడపద్దని చెప్పిన గదన్నా," అన్నాడు అస్గర్.

రాయమల్లు చేతులు స్తంభం మీంచి జారిపోయాయి. ఇంటివైపు ఒక్క అడుగు కూడా వెయ్యలేకపోయాడు. కళ్లలోకి కారుతున్న రక్తం తుడుచుకుంటూ అస్గరే దాన్ని ఆపడానికి పరుగెత్తాడు.