తగ్గని నూటొకటి

"నూటొకటి! మళ్ళీ నూటొకటే!"

గడియారాలు బాగుచేసే మేస్త్రి కంటికి బిగించుకున్న భూతద్దం తీయకుండానే ప్రకటించాడు. వెంట్రుకంత స్ప్రింగును పట్టుకునే కన్ను ఆయనది. థర్మామీటరులో పాదరసం ఎక్కడిదాకా పాకిందో కూడా ఆ అద్దంతోనే చూస్తాడు.

"నాకు ఒంట్లో తేలిగ్గానే ఉందండీ" అంది మంచం మీద కూర్చున్న ఆయన భార్య. బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ ఆవిడ. "ఆకలి కూడా వేస్తోంది. కాస్త ఆ ఫ్యాను వేయండి, ఉక్కపోస్తోంది."

"ఫ్యానా! ఇంత చలిలో ఫ్యానేంటి? నూటొకటి పెట్టుకుని కబుర్లు చెబుతోంది. లే, చెప్పులేసుకో. డాక్టరు దగ్గరికి పోదాం."

టీచరమ్మ మంచం దిగి చెప్పులు వేసుకుంది. ఒళ్ళు ఒకటి చెబుతోంది, అంకె ఇంకొకటి చెబుతోంది. ఆవిడ ఎప్పుడూ అంకెనే నమ్మే మనిషి. మొదటి మూడు రోజులూ దగ్గుతోపాటు జ్వరం నూట మూడు దాకా కాసింది. నాలుగో రోజు పొద్దున చెమటలు పట్టి ఒళ్ళు చల్లబడింది. హమ్మయ్య అనుకుందో లేదో, ఆ సాయంత్రం నుంచే ఈ నూటొకటి మొదలు. "తగ్గిన జ్వరం తిరగబెడితే మాత్రం ఆలస్యం చేయకండి. ఊపిరితిత్తులకి నిమ్ము చేరి ఉండొచ్చు" అని డాక్టరమ్మ మొదటిరోజే హెచ్చరించింది.

బస్సులో మేస్త్రి సాధింపు ఆగలేదు.

"దగ్గే పిల్లల మధ్య కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దకపోతే ఏం? ఇంటికి తెచ్చుకోవచ్చుగా?"

"పిల్లలు దగ్గితే టీచర్లు పారిపోతారా?"

"అదిగో. నోరూ తగ్గలేదు, జ్వరమూ తగ్గలేదు."

అంటూనే ఆయనకీ దగ్గు తెర ఒకటి వచ్చింది. "పాడు డీజిలు పొగ" అని విసుక్కుని మఫ్లరు బిగించుకున్నాడు.

టీచరమ్మ కిటికీ వైపు తిరిగి ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా మధ్యలో భయం అడ్డొచ్చి లెక్క తప్పుతోంది. ఆస్పత్రిలో ఉండిపొమ్మంటారేమో. ఉన్నాక ఏమవుతుందో.

డాక్టరమ్మ ఆవిడని మంచం మీద కూర్చోబెట్టి, వీపంతా స్టెతస్కోపు పెట్టి విన్నది. "గట్టిగా పీల్చండి... వదలండి... ఇంకోసారి." తర్వాత చేతి గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. పక్కన మేస్త్రి కూడా తన గడియారం చూస్తూ లెక్కపెట్టాడు.

"నిమిషానికి పదహారు" అన్నాడు డాక్టరమ్మ కంటే ముందే.

"పదహారే" అంది డాక్టరమ్మ నవ్వుతూ. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజను తొంభై ఎనిమిది చూపించింది. నాలుక కింద పెట్టిన బ్యాటరీ థర్మామీటరు కీచుమని కూసింది. జ్వరం లేదు.

"నిమ్ము లేదమ్మా. ఛాతీ శుభ్రంగా ఉంది. మీకొచ్చింది వైరస్ జ్వరం, దాని దారిన అది పోయింది. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు, వేసుకోకండి. దగ్గు మాత్రం ఇంకో రెండు మూడు వారాలు సతాయిస్తుంది. మంచినీళ్ళు బాగా తాగండి, నిద్రపోండి. ఆయాసం వచ్చినా, ఊపిరి తీస్తే నొప్పి పుట్టినా, కఫంలో రక్తం కనపడినా అప్పుడు పరుగెత్తుకు రండి."

టీచరమ్మకి ప్రాణం లేచొచ్చింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మేస్త్రి మాత్రం కదల్లేదు. "మరి నా నూటొకటి సంగతేంటండీ? మొన్న సాయంత్రం నుంచి ఎనిమిదిసార్లు చూశాను. మీ బ్యాటరీ మిషనే తేడాగా ఉంది."

డాక్టరమ్మ అదే మిషను స్పిరిటుతో తుడిచి తన నోట్లో పెట్టుకుని చూపించింది. సరిగ్గానే ఉంది.

"మా ఆయన అంకె తప్పు చదవరండీ" అంది టీచరమ్మ మెల్లగా. ఇందాక లేచొచ్చిన ప్రాణం మళ్ళీ కూలబడుతోంది.

"అయితే మీ థర్మామీటరుతోనే, నా ఎదురుగా చూడండి" అంది డాక్టరమ్మ.

మేస్త్రి జేబులోంచి గొట్టం తీశాడు. అందులోని గాజు థర్మామీటరును స్పిరిటు దూదితో తుడిచాడు. విదిలిస్తేగానీ పాదరసం కిందికి దిగదు కదా, నాలుగుసార్లు గట్టిగా విదిలించాడు. భూతద్దం పెట్టి, అడుక్కి దిగిందని చూసుకున్నాడు. ఒక్క తప్పు లేదు. ఆపైన తన చొక్కా పై బొత్తాలు రెండు విప్పి, దాన్ని తన చంకలోనే పెట్టుకుని నిలబడ్డాడు.

"అదేంటి, ఆవిడకి పెట్టమంటే మీరు పెట్టుకున్నారు?"

మేస్త్రి నేల చూపులు చూశాడు. "ఆవిడకే పెడతానండీ. గాజు చల్లగా తగిలితే పాపం ఉలిక్కిపడుతోంది. అందుకని మొన్నటి నుంచీ ముందుగదిలో కాస్త ఇలా వెచ్చబెట్టి, అప్పుడు తీసుకెళ్ళి ఇస్తున్నా."

"నాకెప్పుడూ చెప్పలేదే!" అంది టీచరమ్మ.

"చెప్పేదేముంది ఇందులో" అని ఆయన గోడ వైపు తిరిగాడు.

డాక్టరమ్మ మూడు నిమిషాలు ఆగి, థర్మామీటరు తనే అందుకుని వెలుతురుకి పెట్టి చూసింది.

"నూటొకటి. అమ్మా, మీరు మంచం దిగండి. మేస్త్రిగారూ, మీరెక్కి పడుకోండి."