పాటల మేష్టారి వాయిద్యం

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఈ కథలో వాయిద్యం బాగుపడదు. మీ ఇళ్లల్లోనూ ఇలా ఎంతకీ బాగుపడని వస్తువులుంటే కథయ్యాక మీరూ చెప్పండి. ఇప్పటికి ఈ ఇంటి వెనక గదిలోకి రండి, కాస్త చెక్కపొట్టు చూసుకుని.

"మళ్లీ ఊడిందా?" అన్నాడు నాన్న.

ఇంజినీరమ్మ తలూపింది. కంప్యూటర్లు చదివిన కూతురికి నాన్న తగిలించిన పేరది. ఆమె చేతుల్లో మూడు తీగల వాయిద్యం మెడ ఒకవైపు, బుర్ర ఒకవైపు అయిపోయి ఉంది. మధ్యలో తీగలు వేలాడుతున్నాయి.

"ఈసారి ఏమైందట?"

"మేష్టారు బండి మీంచి జారవిడిచారట."

"పోయినసారి పిల్లి తోసిందన్నాడు. ఏం మనిషమ్మా! పాటలు నేర్పుతాడా, కుస్తీ నేర్పుతాడా?"

"రెండూనేమో నాన్నా."

ఆయన కళ్లజోడు సర్దుకుని, ఊడిన చోట బొటనవేలితో తడిమాడు. "చెక్క ఎక్కడా చిట్లకుండా శుభ్రంగా ఊడింది," అన్నాడు.

ఆమె వేలాడే తీగల్ని సర్దసాగింది. "బంక వెచ్చబెట్టు," అన్నాడంతే.

నిజానికి పాటల మేష్టారు ఈ గుమ్మం తొక్కి చాలా కాలమైంది. వాయిద్యం బాగైందని ఆమె ఫోన్ చేస్తే, "నాకింక అక్కర్లేదమ్మా, ఫోన్లోనే యాప్ పెట్టుకున్నా. మీరే ఉంచేసుకోండి" అనేశాడు. వాయిద్యాలు చేసే నాన్నకి ఆయనే ఆఖరి గిరాకీ. ఇచ్చొచ్చానని నాన్నతో చెప్పి, ఆమె దాన్ని అటకెక్కించేసింది.

ఆమె ఉద్యోగం పోయి ఇంటికొచ్చి, కర్టెన్లు మూసుకుని పడుకున్న రోజులవి. ఒక మధ్యాహ్నం బయట ఏదో గలగలమంటే విసుగ్గా తలుపు తీసింది. సరిగ్గా ఆమె గుమ్మం ముందే చతికిలబడి, నాన్న ఉలులూ ఆకురాళ్లూ రంపాలూ గోనెసంచిలో పడేస్తున్నాడు.

"ఏంటి నాన్నా ఇది?"

"ఇంకెవరి కోసమే ఇవన్నీ? పాత ఇనుము వాడికి వేసేద్దాం."

ఆ పూట ఆయన ముద్ద ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంట్లో ఉన్నదే ఇద్దరు. ఆ వీపు చూసి ఆమెకి భయమేసింది. మర్నాడు లేచి స్నానం చేసింది, తల దువ్వుకుంది, అటక మీది వాయిద్యం దించి మెడ ఊడదీసింది. "మేష్టారు పంపారు నాన్నా, అర్జెంటట," అంటూ ఆయన ముందు పెట్టింది.

ఆయన లేచి గోనెసంచి ముడి విప్పాడు.

అప్పట్నుంచీ ఇదే వరస. ఆయన అతికించి, తాడుతో బిగగట్టి, ఆరాక తీగలు వేసి శ్రుతి చేస్తాడు. ఆమె "ఇచ్చొస్తా" అంటూ వీధి చివరిదాకా మోసుకెళ్లి, దొడ్డిదారిన తిరిగొచ్చి మంచం కింద దాస్తుంది. మధ్యాహ్నం ఆయన గురక వినబడగానే కత్తి కాల్చి అతుకులోకి దూరుస్తుంది. తోలు ఉడకబెట్టి తీసిన బంక కాబట్టి వేడికి లొంగుతుంది. లొంగుతుందన్నమాటే గానీ, బంక చిక్కగా పడినప్పుడు ప్రాణం తీస్తుంది.

బంకగిన్నెని వేణ్నీళ్లలో పెడుతూ, అనుమానం రాకుండా ఇంజినీరు అడగాల్సిన ప్రశ్న అడిగేసింది. "బజారు బంక పెట్టేస్తే ఇంక జన్మలో ఊడదు కదా నాన్నా?"

ఎక్కడ సరేనంటాడోనని ఓరకంట చూసింది.

"ఊడకపోతే ఎలాగే? చేత్తో చేసిందన్నాక రేపు మళ్లీ విప్పే వీలుండాలి." గిన్నె తన వైపు లాక్కుని, "బాగా చిక్కబడింది," అంటూ చెంబెత్తి నీళ్లు వంచాడు. అంతలో ఆమె చెయ్యి కంటబడింది. "ఆ వేలికేమైంది?"

"పాలగిన్నె తగిలింది."

"మొన్న పక్క వేలికీ పాలగిన్నేనా?"

"అదే గిన్నె."

నాన్న మందు తెచ్చి, వేలు ఊదుతూ రాశాడు. తర్వాత మెడని వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూశాడు. "ఇక్కడ చెక్క అరిగిపోతోందమ్మా. ఇంకెన్నోసార్లు పట్టదు."

"పట్టకపోతే?"

"పట్టినన్నాళ్లు పడుతుంది," అని తాడు బిగించాడు.

ఆరాక ఎప్పటిలాగే వాయిద్యం సంచిలో వేసుకుని బయల్దేరింది. వీధి చివర గోడకి ఆనుకుని ఫోన్ తీస్తే ఇంకో కంపెనీ నుంచి "క్షమించండి" అని మెయిల్. అలవాటైపోయింది, పూర్తిగా చదవను కూడా లేదు. అరిగిపోయిన ఆ చెక్కే కళ్లముందు మెదులుతోంది. ఒకసారి, మహా అయితే ఇంకో రెండుసార్లు. ఆ తర్వాత మెడ నిలబడదు, గోనెసంచి మళ్లీ బయటికొస్తుంది, నాన్న గోడవైపు తిరుగుతాడు. అప్పుడు ఏ మేష్టారి పేరు చెప్పాలి? ఊళ్లో ఇంకెవరి దగ్గరా అలాంటి వాయిద్యమే లేదు.

దొడ్డిదారిన లోపలికొచ్చింది. సంచి మంచం కిందికి తోసి, కత్తి కోసం చప్పుడు కాకుండా వెనక గదివైపు నడిచింది.

గురక వినబడలేదు. ఓరగా వేసిన తలుపు వెనక నాన్న గొంతు. ఫోన్లో అత్తతో.

"ఆఁ, లేచిందక్కా. తల దువ్వుకుంది, రెండు ముద్దలు తింది కూడా. ఇప్పుడే వీధిలోకి వెళ్లింది."

అవతల అత్త ఏదో అడిగింది. ఆయన గొంతు తగ్గించాడు.

"ఈసారి బంకలో నీళ్లెక్కువ పోశాన్లే, ఊడదీసేటప్పుడు పిల్లకి చెయ్యి కాలదు."