ఛాతీలో కుంపటి

వేరుశనగ విత్తనాన్ని యంత్రానికి అప్పగించరాదన్నది కంబదూరులో బయ్యన్నగారి ఇంటి రాజ్యాంగంలో మొదటి అధికరణం. యంత్రం పప్పును చీలుస్తుంది; చీలిన పప్పు మొలవదు. కనుక తొలకరికి ముందు ఏటా ఆడవాళ్లు వసారాలో కూర్చుని కాయలను చేత్తోనే ఒలవాలి. బయ్యన్న కీర్తిశేషుడైనా, ఆయన శాసనాన్ని భార్య బయమ్మ గడప దగ్గర కుర్చీ వేసుకుని అక్షరాలా అమలు చేస్తోంది.

ఈ ఏడాది ఆ మహాసభకు కోడలు పద్మప్రియ కూడా హాజరైంది. "లోపల ఒక్కదానివే ఏమి చేస్తావు, పోయి వాళ్లతో కూర్చో" అని అత్తగారి ఆజ్ఞ.

పద్మప్రియకు నలభై ఎనిమిదేళ్లు. నలభై తొమ్మిది రావని ఆమె నిశ్చయించుకుంది. ఆర్నెల్లుగా ఉన్నట్టుండి ఛాతీలో సెగ రేగి మెడ మీదుగా తలకెక్కుతోంది. ఒళ్లంతా చెమట, గుండెదడ. అనంతపురంలో ఒక డాక్టరు పరీక్షలన్నీ చేయించి, గుండె బాగుందనీ ఇది వయసు తెచ్చే మార్పనీ రెండు ముక్కల్లో చెప్పి తరువాతి రోగిని పిలిచాడు. అంత క్లుప్తంగా మాట్లాడాడంటే ఏదో దాచాడని ఆమె తీర్మానం. భర్త విష్ణువర్ధన్ అజీర్తి అన్నాడు. చివరికి మరునాడు బెంగుళూరులో గుండె చూపించుకోవాలని నిర్ణయమైంది. తిరిగి రానేమోనన్న ముందుచూపుతో, ఏ పట్టుచీర ఎవరికి చెందాలో కాగితం మీద రాసి బీరువాలో భద్రపరిచింది. అత్తగారితో ఇవేవీ చెప్పలేదు. ఆ ఇంట అత్తాకోడళ్ల దౌత్య సంబంధాలు ఇరవై మూడేళ్లుగా ఉప్పు, చింతపండు, కరెంటు అనే మూడు అంశాలకే పరిమితం.

పదకొండు గంటలకు సెగ రానే వచ్చింది. పద్మప్రియ కాయలు వదిలి చేటతో విసురుకోసాగింది.

"ఏమ్మా, ఒళ్లు కాగుతాండాదా?" అన్నది ఎదురుగా కూర్చున్న రూతు. ఆమెకు యాభైకి అటూ ఇటూ ఉంటాయి. పాతికేళ్లుగా ఆ ఇంటి పనుల్లో ఆమె చెయ్యి పడని రోజు లేదు.

"నాకు కాదులే. రాప్తాడులో నాకు తెలిసినామె ఒకామెకు ఇట్లా ఉండాదంట."

"రోగం ఆయమ్మది, చెమట నీదా?" అన్నది ఆమె పక్కన కాయలు ఒలుస్తున్న కూలి చిన్నక్క.

రూతు నవ్వలేదు. "ఆ రాప్తాడమ్మకే చెప్పు తల్లీ. నాకట్లా నాలుగేండ్లు జరిగె. ఛాతీలో ఎవురో కుంపటి పెట్టి ఊదినట్లుండె. చలికాలంలో గూడా తడిగుడ్డ మెడకేసుకొని తిరిగితి. గుండె దడదడ కొట్టుకుంటాంటే ఇంక పోతానేమో అనుకొని, నా కమ్మలు ఎవురికియ్యల్లనో గూడా మనసులోనే పంచేస్తి."

పద్మప్రియ చేతిలో చేట ఆగిపోయింది.

"మరి... ముట్టు?" అన్నది గొంతు తగ్గించి.

"రెండు నెల్లు కనపడదు. మూడో నెల అంతా కలిపి ఒకేసారి వస్తాది. దానిమీద కోపం. పులుసులో ఉప్పు తక్కువాయనని మా ఇంటాయన అంటే, గిన్నె తీసుకపోయి పెరట్లో కుమ్మరిస్తి. కుమ్మరించినాక ఆ పులుసు కోసరం ఏడిస్తి."

"నేనైతే ఎద్దు నా మాట ఇనల్యాదని ఏడిస్తి," అన్నది చిన్నక్క. "అది మేత మాని నన్నే చూస్తా నిలబడె."

"ఏకాదశి ఒక్కపొద్దుండి, ఆ సెగకు కండ్లు తిరిగి పడిపోతి గూడా," అన్నది రూతు.

"చర్చికి పోయేదానివి, నీకు ఏకాదశి ఏందే?" అన్నది చిన్నక్క.

రూతు ఒక కాయను అవసరానికి మించిన శ్రద్ధతో ఒలిచింది. "మీ మధ్యన తిరిగి తిరిగి నోటికి అదే వస్తాది. మా చర్చి ఉపవాసమే."

గడప దగ్గర కుర్చీ కిర్రుమంది. "నోర్లు ఆడితే చేతులు ఆగుతాయి," అన్నది బయమ్మ. "మా కాలంలో ఈ సెగలు యాడుండె? పని ల్యాకుంటే అన్నీ వస్తాయి." అలా తీర్పు చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

పద్మప్రియ ముఖం చిన్నబోయింది. బయమ్మగారి దేహంలోకి ప్రకృతి సైతం అనుమతి లేకుండా ప్రవేశించలేదని ఊళ్లో ప్రతీతి.

కొంతసేపటికి మెల్లగా అడిగింది. "మరి నీకెట్లా తగ్గె?"

"రాన్రాను అదే పోయె తల్లీ. ఒగ పొద్దు చూసుకుంటే కుంపటి లేదు. ఆ నాలుగేండ్లు నేను ఎవురితోనూ చెప్పుకోల్యా. సెగ కంటే అదే నన్ను ఎక్కువ కాల్చె. ఆ రాప్తాడమ్మను అట్లా ఉండొద్దని చెప్పు. ఆడోళ్ల డాక్టరు దగ్గరికి పోయి, సిగ్గుపడకుండా అంతా అడగమను. ఇప్పుడు దీనికి గూడా మందులుండాయంట."

పద్మప్రియ చాలాసేపు కాయలు ఒలిచింది. తరువాత లేచి విష్ణువర్ధన్‌కు ఫోన్ చేసింది.

"బెంగుళూరు వద్దు. రేపు కళ్యాణదుర్గంలో లేడీ డాక్టరు దగ్గరికి పోదాం."

"మరి గుండె?"

"ఆడనే ఉండాదిలే."

ఆ మధ్యాహ్నమే బీరువాలోని కాగితం నాలుగు ముక్కలైంది. పట్టుచీరలన్నీ నిరాఘాటంగా ఆమె స్వాధీనంలోకి తిరిగి వచ్చాయి. చీర కొంగు దోపుకుని, ఎన్నాళ్లకో వంటింట్లో కూనిరాగం తీసింది.

సాయంత్రం చిన్నక్క వెళ్లిపోయాక, రూతు విత్తనాలను గోతంలో నింపుతుంటే బయమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"ఏమన్నాదే?"

"బెంగుళూరు మానుకొనె పెద్దమ్మా. నవ్వె గూడా."

బయమ్మ కిందికి వంగింది. గోతం మూతి తానే పట్టుకుంది.

రూతు తనవిగా చెప్పిన ఆ నాలుగేళ్లూ బయమ్మవి.