ముందు వీడియో

"పొద్దున నన్ను 'అమ్మా' అన్నాడు మేడం! నాలుగేళ్ళకి నోరు తెరిచినాడు!" వనజాక్షి చేపల వలల పక్కనే కొడుకు ముఖేష్‌ని ఎత్తుకుని ఆనందంతో ఏడ్చింది.

రేవతి మొహం పాలిపోయింది. ప్రత్యేక అవసరాల పిల్లల చదువులో ఆన్‌లైన్ ఎమ్మే చేస్తూ, అందులో భాగంగా ముఖేష్‌కి మాటలు నేర్పుతోంది. "మాటలు రాకముందు ఒక వీడియో, వచ్చాక ఒకటి మా కాలేజీకి పంపాలక్కా. ముందుది తీయడం మరిచిపోయినా. వాడినొక్క నిమిషం మాట్లాడనీయొద్దు."

మాట నేర్పిన మనిషిని కాదనలేక, వనజాక్షి బిడ్డ చెవిలో చెప్పింది: "నోరు తెరిచినావంటే పోలేరమ్మ నాలిక కోసేస్తాది."

వాడు పెదాలు బిగించాడు. వీడియో బాగా వచ్చింది.

"ఇప్పుడు 'అమ్మా' అనమను."

"అను నాయనా. పోలేరమ్మ ఎళ్ళిపోయింది."

వాడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"పర్లేదక్కా," రేవతి తీస్తూనే ఉంది. "చెప్పిన మాట వింటున్నాడు. అదీ మార్పే."