వీరవేణి వేగం

మా రొయ్యల షెడ్డులో ఇప్పుడు మేస్త్రి లేడు. మణికట్టుకు కట్టిన పట్టీయే మేస్త్రి. ఒలిచే చెయ్యి నెమ్మదిస్తే అదురుతుంది. మూడుసార్లు అదిరితే మర్నాడు గేటు తెరుచుకోదు.

ఏడో నెల కడుపుతో ఉన్న వీరవేణికి పొద్దున్నే రెండుసార్లు అదిరింది. సత్తెమ్మక్క ఆ పట్టీ విప్పి తన రెండో చేతికి కట్టుకుంది. తర్వాత నేను, నా తర్వాత మంగ. వీరవేణి మాట పడకూడదని ప్రాణం పెట్టి ఒలిచాం.

అదే మేం చేసిన తప్పు. సాయంత్రం గోడమీది స్పీకరు పెట్టె పలికింది: "అందరికంటే వేగం వీరవేణిది. రేపటి నుంచి అందరూ అంతే ఒలవాలి."

వీరవేణి ఏడ్చేసింది. "నా మూలాన మీకెందుకక్కా ఈ తిప్పలు? రేపట్నుంచి నేను రాన్లే."

"నోర్మూసుకుని నా పక్కన కూచో. నువ్వెంతో మేవూ అంతే," అంది సత్తెమ్మక్క.

మర్నాడు ఎవరి పట్టీ వాళ్లే కట్టుకున్నాం. వీరవేణి ఒకటి ఒలిస్తే మేమూ ఒకటే ఒలిచాం. నలభై పట్టీలూ మూడేసిసార్లు అదిరాయి.

ఆ మరుసటి రోజు గేటు ఎవరికీ తెరుచుకోలేదు. లోపల రొయ్యల మీద ఐసు కరుగుతోంది. కూలి పోతోందని బయట మాకు కాలు నిలవడం లేదు. మధ్యాహ్నానికి గేటు దగ్గరి పెట్టె పలికింది: "ఎంత వేగమైతే వస్తారు?"

అందరం గేటు పక్కన కూచున్న వీరవేణి వైపు చూశాం. నడుం పట్టుకుని మెల్లగా లేచింది.

"నేను ఒలిచినంత."