బెండును ఓర్వలేని బుడబుంగ

చెరువులో బుడబుంగ పిట్ట పొద్దుటి నుంచి మునుగుతూ తేలుతూనే ఉంది. గట్టున గాలం వేసి కూర్చున్న మనిషి మాత్రం గాలం దారానికి కట్టిన, నీటి మీద తేలే బెండునే చూస్తున్నాడు. అది కాస్త ఊగితే చాలు, ఊపిరి బిగబడుతున్నాడు. పిట్టకు కడుపు మండిపోయింది.

"ఏమే పుల్లముక్కా! నీకు సరిగ్గా మునగడమే రాదు. నీలో ఏం చూసి మురిసిపోతున్నాడు?"

"నన్నెక్కడ చూస్తున్నాడక్కా? నా కింద తిరిగే బొచ్చెచేప కోసం చూస్తున్నాడు," అంది బెండు.

"చాల్లే నీ దొంగ వినయం!"

పిట్ట గాలం దారాన్ని పుటుక్కున కొరికేసింది. బెండు గాలికి కొట్టుకుపోయింది. ఇక ఆ చూపంతా తనదేనని, పిట్ట అదే చోట ఎన్నడూ లేనంత లోతుకు మునిగింది. చాలాసేపటికి తేలి, గర్వంగా గట్టువైపు తిరిగింది.

అక్కడ ఎవరూ లేరు. మనిషి పంచె ఎగ్గట్టి, పీకల్లోతు నీళ్లలో, బెండు వెంట ఈదుతున్నాడు.