ఇంట్లో ఏమని పిలుస్తారు?

“ఇది డాష్‌హండ్ కదమ్మా? సాసేజ్ కుక్క అంటారట, దీన్నేనా?”

పక్కన కూర్చున్న ముసలాయన ప్రశ్నకు దర్జీ ఆవిడ తల తిప్పలేదు. ఆమె ఒళ్లో కుక్క ఊపిరి ఎగదీస్తోంది.

పశువైద్యశాలలో, మూలగది ఎదుట వేసిన బల్ల అది. ఆ గదిలోకి వెళ్లిన కుక్క తిరిగి రాదు. మందులకు లొంగని బాధలో ఉన్నవాటిని అక్కడ సూదిమందుతో నిద్ర పుచ్చుతారు.

ఆయన బల్లకు ఆ చివరనున్న లారీ డ్రైవరు వైపు తిరిగాడు.

“గ్రేహౌండ్ కదూ బాబూ? పరుగులో దీన్ని మించింది లేదంటారు.”

“ఆ సంగతి దీనికెవరూ చెప్పలేదు పెద్దాయనా. సోఫా దిగి ఎరగదు.”

“ఇంట్లో ఏమని పిలుస్తారు?”

“దొరగారు.”

నవ్వబోయిన డ్రైవరు మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

ఆవిడకు ఒళ్లు మండింది. చావు గుమ్మంలో కూర్చుని ఈ కబుర్లేమిటి?

ఆయన మళ్లీ ఇటు తిరిగాడు.

“మీవాణ్ణి ఏమని పిలుస్తారమ్మా?”

“మీ కుక్క ఏదీ?”

“నాకు లేదమ్మా.”

“కుక్క లేనివాళ్లకి ఇక్కడేం పని? ఊసుపోకపోతే ఇంకో చోటు చూసుకోండి. వీడికి పేరు లేదు.”

“తప్పయిపోయిందమ్మా.”

ఆయన తల వంచుకుని, నల్లకోటు అంచులు మోకాళ్ల మీదికి సర్దుకున్నాడు.

పేరు ఉంది. పిల్లగా ఉన్నప్పుడు కుట్టుమిషను కింద దొర్లిన గుండీని గుటుక్కున మింగేశాడు. అప్పటినుంచి వాడు గుండీ. ఆ పేరు చెవిన పడితే చాలు, ఎంత నిద్రలోనైనా ఎడమ చెవి లేచేది. వాడి రాగిరంగు వెంట్రుకలు ఆవిడ కుట్టిన ప్రతి బట్టకూ అంటేవి.

“ప్యాంటుకి బొచ్చు పెట్టమని మేం చెప్పలేదే!” అని నవ్వేవారు బట్టలిచ్చినవాళ్లు.

పోయేదాన్ని పట్టుకోలేనప్పుడు మనిషి దాని పేరునైనా గట్టిగా పట్టుకుంటాడు. రేపటినుంచి తనకు మిగిలేది ఆ ఒక్క మాటే. దాన్ని ఎవరో ముక్కూమొహం తెలియనివాడి నోట్లో పెట్టడానికి ఆవిడకు మనసొప్పలేదు.

తలుపు తెరుచుకుంది.

“మీరూ లోపలికి వస్తారా అక్కా?” అంది నర్సు.

వెళ్లాలనే వచ్చింది. కానీ వాణ్ణి నర్సు చేతుల్లో పెట్టేసి, వెనక్కి చూడకుండా వీధిలోకి పరుగెత్తింది.

గుండె కూడగట్టుకుని తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. నర్సు మెడపట్టీ తెచ్చి చేతిలో పెట్టింది.

“ఒంటరిగా పోయాడా?”

“లేదక్కా. మీలా లోపలికి రాలేనివాళ్ల బదులు ఒకాయన వస్తుంటారు. వీడు తలుపు కేసే చూస్తుంటే ఒళ్లోకి తీసుకున్నారు. ‘బొరియ ఎంత చీకటిగా ఉన్నా బెదరకుండా దూరే జాతిరా మీది. ఇదీ ఒక బొరియే’ అని చెబుతూ నిమిరారు.”

“విన్నాడా?”

నర్సు తటపటాయించింది.

“పేరు పెట్టి పిలిస్తే వినేవాడేమో. చిట్టీ అన్నారు, బుజ్జీ అన్నారు, రాజా అన్నారు. దేనికీ చెవి లేపలేదు. వీడు కళ్లు మూసేదాకా ఆయన పేరు వెతుకుతూనే ఉన్నారు పాపం.”

మెడపట్టీ ఆవిడ గుప్పిట్లో నలిగింది.

“ఎవరాయన? ఎక్కడుంటారు? ఒక్కమాట చెప్పాలి ఆయనకి.”

నర్సు బల్ల వైపు చూసింది.

డ్రైవరు ఖాళీ చేసిన చోట ఎవరో కొత్తావిడ, ముసలి కుక్కను హత్తుకుని కూర్చుంది. ఆమె వైపు వంగి, “ఇంట్లో ఏమని పిలుస్తారమ్మా?” అని మెల్లగా అడుగుతున్న మనిషి నల్లకోటు నిండా రాగిరంగు వెంట్రుకలు.